డిల్లింజరూ, స్టువర్టుపురమూ



1945లో అమెరికాలో మోనోగ్రామ్ అనే చిన్న సంస్థ ‘డిల్లింజర్’ అనే చిత్రాన్ని విడుదల చేసింది. నిడివి డెబ్బై నిమిషాలు. దర్శకుడు మాక్స్ నోసెక్, రచయిత ఫిలిప్ యోర్డాన్, నిర్మాతలు కింగ్ సోదరులు. హాలీవుడ్ పెద్ద సంస్థల ప్రాకారాలకు వెలుపల, అతి తక్కువ పెట్టుబడితో చకచకా చిత్రాలు చుట్టే సంస్థల సముదాయాన్ని ఆ రోజుల్లో ‘పావర్టీ రో’ అని ఎగతాళిగా పిలిచేవారు. ‘దరిద్రుల వీధి’ అనుకుందాం. పొదుపుగా చిత్రాలు తీయడంలో మన విఠలాచార్యగారికి ఎంత పేరున్నదో మీకు తెలియనిది కాదు. కింగ్ సోదరులు ఆయన దారికి ముందే వేసిన అడుగుల వంటివారు. ఈ చిత్రంలోని ఒక పెద్ద దోపిడీ దృశ్యాన్ని వారు అసలు చిత్రీకరించనే లేదు. 1937లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన మరొక చిత్రం నుండి తెచ్చి అతికించారు. అయినా యోర్డాన్ రచన ఆస్కార్ బహుమతి పరిశీలన దాకా వెళ్ళింది. నాయకపాత్ర వేసిన లారెన్స్ టియర్నీ ముఖంలో పశ్చాత్తాపపు ఛాయ మచ్చుకైనా కనబడదు. ఆ బండతనమే చిత్రానికి ప్రాణం.

కథ ప్రారంభం విచిత్రంగా ఉంటుంది. సినిమాహాలులో వార్తాచిత్రం ముగియగానే దొంగ తండ్రి వేదిక ఎక్కి, తన కొడుకు పుట్టుపూర్వోత్తరాలను ప్రేక్షకులకు చెప్పడం మొదలుపెడతాడు. కుర్రవాడు జేబులో కాసులేక ఒక కిరాణా కొట్టును దోచుకుంటాడు. దొరికింది ఏడు డాలర్ల ఇరవై సెంట్లు. జైలులో ముదురు దొంగల శిష్యరికం చేసి, బయటికి వచ్చి, బ్యాంకులు కొల్లగొట్టి, చివరకు పోలీసుల తూటాలకు కూలుతాడు. అప్పుడతని జేబు వెతికితే ఉన్నది మళ్ళీ ఆ ఏడు డాలర్ల ఇరవై సెంట్లే. బడి పిల్లలకు నీతికథ చెప్పినంత సూటిగా ఉంది కదా! అలా ఉండక తప్పలేదు. డిల్లింజరు ప్రాణాలతో ఉండగానే, 1934 మార్చిలో, అతనిపై ఎవరూ చిత్రం తీయరాదని హాలీవుడ్ నియమాల అధిపతి విల్ హేస్ కట్టడి చేశాడు. పదకొండేళ్ళకు పెద్ద సంస్థలు జంకుతుండగా చిన్న సంస్థ సాహసించింది. సాహసానికి తగిన నీతి ముసుగు కూడా తొడిగింది.

అసలు జాన్ డిల్లింజరు 1903లో ఇండియానాపొలిస్‌లో పుట్టాడు. 1924లో మూర్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో ఒక కిరాణా వ్యాపారిపై దాడి చేసి పట్టుబడ్డాడు. ఆ తొలి నేరానికి దాదాపు తొమ్మిదేళ్ళు జైలులో మగ్గాడు. 1933 మేలో విడుదలయ్యేనాటికి దేశం తలకిందులై ఉంది. 1930-33 నడుమ అమెరికాలో దాదాపు తొమ్మిది వేల బ్యాంకులు మూతపడ్డాయి. దాచుకున్న సొమ్ము పోయినవాడికీ, తనఖా తీరక పొలం పోగొట్టుకున్నవాడికీ, బ్యాంకును దోచేవాడు పరమ శత్రువుగా కనిపిస్తాడా? కనిపించలేదు. 1934 మార్చి 3న క్రౌన్ పాయింట్ జైలు నుండి కొయ్యతుపాకి చూపి తప్పించుకున్నాడన్న వార్త దేశమంతటా నవ్వుల పువ్వులు పూయించింది. అదే ఏడు జులై 22న షికాగోలో బయోగ్రాఫ్ అనే సినిమాహాలు నుండి బయటికి వస్తూ మరణించాడు. అతడు ఆఖరుసారి చూసినది కూడా ఒక నేరస్థుని కథే, క్లార్క్ గేబుల్ నటించిన ‘మన్‌హాటన్ మెలోడ్రామా’. శవాగారం ముందు వేలాది జనం బారులు తీరారు. సమాధి మీది రాయిని జ్ఞాపికగా చెక్కుకుపోయేవారి బాధ పడలేక దానిని అనేక మార్లు మార్చవలసి వచ్చింది.

ఆ ఏళ్ళలోనే మన ఆదోని సీమ ఎలా ఉండేదో చూద్దాం. అప్పటికి ఆదోని తాలూకా కర్నూలు జిల్లాలోనిది కాదు. ఎమ్మిగనూరుతో సహా మనమంతా మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లావాళ్ళం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. నల్లరేగడి నేల, పత్తి, వేరుశనగ, జొన్న. 1929 తరువాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో పత్తి ధరా, వేరుశనగ ధరా సగానికి పడిపోయాయి. శిస్తు మాత్రం పడలేదు. అప్పు అంతకన్నా పడలేదు. 1931 తరువాత ఈ దేశపు బంగారం ఓడలకెక్కి విదేశాలకు పోయిందని చరిత్రకారులు రాస్తారు. అందులో రైతు ఇల్లాళ్ళ మెడల నుండి దిగిన పుస్తెల గుండ్లు ఎన్నో! రైతు రుణాలకు కొంత ఉపశమనమిచ్చే చట్టం రాజాజీ మంత్రివర్గం కాలంలో, 1938లో గాని రాలేదు. అదే 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేతవారి సహకార సంఘాన్ని స్థాపించారు. షావుకారు ఇచ్చే నూలుకూ, అతడు చెప్పే ధరకూ తల ఒగ్గిన నేతగాడికి అది ఊపిరి అయింది. మాంద్యపు కథ అనగానే తుపాకీ పట్టినవాడే గుర్తుకు వస్తాడు గాని, మగ్గం చుట్టూ సంఘం కట్టినవాడి మీద ఎవరు డెబ్బై నిమిషాల చిత్రం తీస్తారు లెండి!

అసలు విషయానికి వస్తాను. డిల్లింజరు నేరం డిల్లింజరుది. అతడు దొంగ అయినందుకు మూర్స్‌విల్ ఊరంతా దొంగల ఊరు కాలేదు. అతని తండ్రి రైతుగానే మిగిలాడు, చిత్రంలో వేదిక ఎక్కి సగౌరవంగా మాట్లాడగలిగాడు. సరిగ్గా ఆ 1933లో, ఆ 1934లో, మన తెలుగు నేల మీద వేలాది మంది ఏ కొట్టునూ దోచకుండానే దొంగలుగా నమోదై ఉన్నారు. తల్లి కడుపులో పడ్డ నేరానికి!

1871లో ఆంగ్ల ప్రభుత్వం ‘నేరస్థ జాతుల చట్టం’ చేసింది. మొదట ఉత్తరాదికే పరిమితమైన ఆ చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. 1924లో మరింత బిగిసింది. ఒక కులాన్ని ప్రభుత్వం నేరజాతిగా ప్రకటిస్తే చాలు, అందులోని వారు పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, నియమిత సమయాల్లో హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ పొందాలి. 1892లోనే మల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాజధానిలోని ‘నేర వర్గాల’ మీద ఒక పుస్తకం రాసి, మన దొంగదాసర్లనూ, కొరవలనూ, లంబాడీలనూ వరుసగా వర్ణించాడు. ‘దొంగదాసరి’ అన్న పేరులోనే తీర్పు ఉన్నది చూడండి. విచారణ తరువాతి మాట.

ఎరుకలవారి సంగతి మరీ బాధాకరం. వీరు తరతరాలుగా గాడిదల మీదా, ఎద్దుల మీదా ఉప్పూ, ధాన్యమూ వేసుకుని కోస్తా నుండి లోపలి సీమలకు నడిచిన వర్తకులు. బుట్టలల్లేవారు, ఎరుక చెప్పేవారు. 1871లో మద్రాసు రైలుమార్గం గుంతకల్లు, ఆదోనుల మీదుగా సాగి రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. రైలు పెట్టెలో ఉప్పు బస్తాలు వస్తుంటే గాడిద మీది ఉప్పును ఎవరు కొంటారు? దానికి తోడు ప్రభుత్వపు ఉప్పు విధానం. ఆపైన 1876-78 మహాకరువు, బళ్ళారి, కర్నూలు సీమలను శ్మశానం చేసిన ధాత కరువు. బ్రతుకు తెరువు పోయి దారుల వెంట తిరిగేవాడిని చూసి, ‘వీడికి ఆదాయం కనబడదు, కనుక దొంగ’ అని నిర్ణయించారు. మీనా రాధాకృష్ణగారు ఈ చరిత్రను విపులంగా పరిశోధించారు. చట్టం పుట్టిన సంవత్సరమూ, రైలు కలిసిన సంవత్సరమూ ఒకటే కావడం కాకతాళీయమే గాని, మా ఆదోని స్టేషనులో నిలబడినప్పుడల్లా అది నా మనసులో మెదలుతుంది.

ఇక్కడ తెలుగు పండితుడిగా ఒక మాట చెప్పక ఉండలేను. ‘ఎరుక’ అంటే జ్ఞానం, తెలివిడి. మన యక్షగానాల్లో, కొరవంజి కథల్లో ఎరుకలసాని ఎంత గౌరవంగా వస్తుంది! దేవతలే ఆ వేషం దాల్చి వస్తారు. నాయిక చేయి పట్టి చూసి, ఆమె మనసులోని మాట చెబుతుంది. సర్వమూ ఎరిగిన స్త్రీ ఆమె. పోలీసు దస్త్రాల్లో నేరస్థుల జాబితాకు ఆంగ్లంలో రెండక్షరాల సంకేతం ఉండేది. ‘తెలిసిన దోపిడీగాడు’ అని దాని విస్తరణ. ఆ రెండక్షరాలే మన నోళ్ళలో ‘కేడీ’ అయ్యాయి. 1978లో ‘కేడీ నెం. 1’ అని రామారావుగారి చిత్రం కూడా వచ్చింది. ఎరిగినవారుగా కావ్యాలకెక్కిన జాతి, పోలీసులు ‘ఎరిగిన’ జాతిగా దస్త్రాలకెక్కింది. ‘సెటిల్మెంటు’ అనే మాట కూడా అటువంటిదే. నేడు దందాలకు వాడుతున్నాం గాని, మన జిల్లాల్లో ఒకప్పుడు దాని అర్థం చుట్టూ కాపలా ఉన్న ఊరు. కర్నూలు జిల్లా సిద్ధాపురంలో అటువంటిది ఉండేది. నెల్లూరు జిల్లా కావలిలో ఒకటి, బెజవాడ దగ్గర సీతానగరంలో ఒకటి. బాపట్ల సమీపంలో సాల్వేషన్ ఆర్మీ నడిపినదానికి ప్రభుత్వాధికారి హెరాల్డ్ స్టువర్టు పేరిట స్టువర్టుపురమని పేరు. అక్కడివారిని పొలాల్లోనూ, చీరాల పొగాకు కర్మాగారంలోనూ పనికి పెట్టారు. సంస్కరణ పేరిట చవక కూలీలు దొరికారన్నమాట.

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31తో పోయింది. అయితే 1948లోనే మద్రాసులో ‘అలవాటుపడిన నేరస్థుల’ చట్టం వచ్చి కూర్చున్నది. కాగితం మీద జాతి స్థానంలో వ్యక్తి వచ్చాడు. ఠాణాలో అనుమానం మాత్రం పాత చిరునామాకే పోయేది.

తెలుగు తెర తొలినాళ్ళలో దొంగను ఆదరించింది. 1955లో కె.వి. రెడ్డిగారి ‘దొంగరాముడు’ వచ్చింది. 1963లో విఠలాచార్యగారి ‘బందిపోటు’ వచ్చింది. వాటిలో దొంగకు ఒక పేరు, ఒక మనసు, ఒక ప్రియురాలు. కులం మీద గాని, ఊరి మీద గాని మచ్చ పడదు. 1991కి వచ్చేసరికి తీరు మారింది. ఆ ఒక్క సంవత్సరంలోనే ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టువర్టుపురం దొంగలు’ అని రెండు చిత్రాలు వెలువడ్డాయి. చూశారా, మనిషి పేరు చెరిగిపోయింది, ఊరి పేరు శీర్షిక అయింది. ఆ చిత్రాల ఉద్దేశ్యాలు మంచివే కావచ్చు. కాని ఆ ఊరి పిల్లవాడు ఉద్యోగపు దరఖాస్తులో స్వగ్రామం అన్నచోట ఏమి రాయాలి? డిల్లింజరు మీద నలుగురైదుగురు చిత్రాలు తీశారు, 2009లో కూడా ఒకటి వచ్చింది. ఒక్కదానికీ ‘మూర్స్‌విల్ దొంగలు’ అని పేరు పెట్టలేదు.

1970ల నుండి విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణంగారూ, ఆయన సతీమణి హేమలతా లవణంగారూ స్టువర్టుపురంలో పనిచేశారు. హేమలతగారు మహాకవి జాషువ కుమార్తె. దొంగ అన్న ముద్ర ఉన్న ఇళ్ళకు వెళ్ళి కూర్చుని, మాట్లాడి, పిల్లలను చదువులకు పంపించి, పెద్దలకు వేరే పనులు చూపించిన ఆ దంపతుల కథ మీద ఎవరైనా చిత్రం తీస్తే మొదటి టిక్కెట్టు నేనే కొంటాను. హేమలతగారు 2008లో కన్నుమూశారు.

2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. 1970ల నాటి స్టువర్టుపురం దొంగ కథ అది. మన డిల్లింజరుకు దగ్గర చుట్టం: జైలు నుండి తప్పించుకోవడాలు, బ్యాంకు దోపిడీ, పేదలకు పంచాడన్న కథలు, పోలీసుల చేతిలో మరణం, అన్నీ ఉన్నాయి. చిన్న పెట్టుబడి మాత్రం కాదు. విడుదలకు ముందే, ఎరుకలవారి ప్రతిష్ఠకు భంగం కలుగుతున్నదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో వ్యాజ్యం పడింది. కొందరు మిత్రులు దీనిని ‘అతి సున్నితత్వం’ అన్నారు. సినిమాను సినిమాగా చూడాలి అన్నారు. నిజమే, మనం అలాగే చూస్తాం. హాలు నుండి బయటికి వచ్చాక మనలో ఎవరినీ ఠాణాకు పిలవరు కనుక చూడగలం.

మరుసటి ఏడు, 2024 అక్టోబరు 3న, జైళ్ళలో కులవివక్షపై సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కులాన్ని బట్టి ఖైదీలకు పనులు పంచే నిబంధనలను కొట్టివేసింది. రద్దయిన చట్టం నాటి జాతులవారిని ‘అలవాటుపడిన నేరస్థులు’గా చూసే జైలు నియమాలను తప్పుబట్టింది. ఖైదీల రిజిస్టర్లలోని కులం గడిని తీసివేయమని ఆదేశించింది. చట్టం పోయి డెబ్బై రెండేళ్ళు గడిచాక కూడా ఆ గడి అక్కడే ఉన్నదన్నమాట.