కంప్యూటరు మాటలు – వాని పూర్వచరిత్ర



నేను ముప్పది యేండ్లకు పైగా బడిలో వ్యాకరణము చెప్పినవాడను. ఏ పదమునకైనను వ్యుత్పత్తి చెప్పగలనను గర్వము నాకు గొంత యుండెడిది. రెండేండ్ల క్రిందట నొక యుదయమున టెలిఫోనులో నెవరో మిక్కిలి మర్యాదగ మాటలాడిరి. "పంతులుగారూ, మీ పింఛను నిలిచిపోకుండ చూచుచున్నాము. ఇప్పుడు మీకొక ఓటీపీ వచ్చును. అది మాకు చెప్పవలెను" అనిరి. ఆ మూడక్షరముల యర్థమేమని నేనడుగలేదు. వచ్చిన యంకెలను పద్యము చదివినట్లు చదివి వినిపించితిని. ఆ నెల పింఛను పోయినది. ధనము పోయిన దుఃఖముకంటె, అర్థమెఱుగని మాటకు లోబడితినను సిగ్గు నన్నెక్కువగ బాధించెను. నాటినుండి కంప్యూటరు మాటల పుట్టుకను విచారింప మొదలిడితిని. అందు దొరికినదానిని నేడు మీకు నివేదించుచున్నాను.

మాట తెలియక నష్టపోవుట మన సీమకు క్రొత్త కాదు. 1956 వఱకు మన మానవపాడు హైదరాబాదు రాజ్యమున, రాయచూరు జిల్లా అలంపురము తాలూకాలో నుండెను. మన తాతల కాలమున భూమి కాగితములయందలి మాటలు మన యింటి మాటలు కావు. తహసీలు అరబ్బీ పదము. వసూలు చేయుట యని యర్థము. దస్తావేజు పారసీకము. పహాణీ మరాఠీనుండి వచ్చినది; పోయి చూచుట యని యర్థము. వీని నెఱుగనివాడు పట్వారీ చెప్పినదే వేదమనుకొని వ్రేలిముద్ర వేసెడివాడు. ఎఱిగినవాడు తన కాగితమును తానే చూచుకొనెడివాడు. నేడు పహాణీ పరభాషాపదమని మనలో నెవరికిని తోపదు. అర్థము తెలిసినపిమ్మట మాట మనదే యగును.

ఇప్పుడా కాగితములు కంప్యూటరులోనికి బోయినవి. 1998లో రిజిస్ట్రేషను కచేరీలలో నీ యంత్రములు ప్రవేశించెను. 2011 నవంబరులో మీసేవ మొదలయ్యెను. తెలంగాణమున 2020 అక్టోబరులో ధరణియు, 2025 ఏప్రిలులో దాని స్థానమున భూభారతియు వచ్చెను. కనుక తాతలు పహాణీని నేర్చినట్లే మనమును ఈ మాటలను నేర్వవలసియున్నది.

మొదట కంప్యూటరు అను మాటనే చూతము. దానికి లెక్కించువాడని యర్థము. మూడువందల యేండ్లకు పైగా నది మనుష్యుని పేరుగనే చెల్లినది. ఆంగ్లేయులు 1802లో మద్రాసువద్ద భూమిని కొలుచుట మొదలుపెట్టి, క్రమముగ కన్యాకుమారినుండి హిమాలయ పాదములవఱకు 78వ రేఖాంశము వెంబడి కొలిచిరి. ఆ రేఖ మన ప్రాంతమునకు చేరువగనే పోవుచున్నది. ఆ కొలతలను లెక్కగట్టుటకు 1831లో రాధానాథ శిక్దారు అను వంగదేశపు యువకుని నియమించిరి. ఆయన యుద్యోగమునకు కంప్యూటరు అని పేరు. హిమాలయములలో పదునైదవ శిఖరమని గుర్తించిన కొండ లోకమునకెల్ల నెత్తైనదని 1852లో ఆయన లెక్కలవలన తేలెను. దానినే నేడు ఎవరెస్టు అనుచున్నాము. మన పూర్వులు ఇట్టివానిని గణకుడనిరి. పిమ్మట గణకుని పని యంత్రము చేయగా, గణకుని పేరు యంత్రమునకు సంక్రమించెను. హైదరాబాదులో 1967లో నెలకొనిన ఎలక్ట్రానిక్సు కార్పొరేషను సంస్థ, అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున, 1969లో టీడీసీ-12 అను కంప్యూటరును నిర్మించెను.

ఇక హార్డువేరు, సాఫ్టువేరు. హార్డువేరనగా పూర్వము ఇనుపసామాను. యంత్రములో చేతికి తగులునదంతయు హార్డువేరు. ఆ యంత్రము ఏమి చేయవలెనో చెప్పు ఆజ్ఞల వరుస సాఫ్టువేరు. ఇది గద్వాల మగ్గమును చూచినవారికి సులభముగ బోధపడును. జకార్డు అమర్చిన మగ్గముపై రంధ్రములు గల యట్టలు వరుసగ వ్రేలాడుచుండును. ఏ పోగు లేవవలెనో, ఏ పోగు దిగియుండవలెనో ఆ రంధ్రములే చెప్పును. అట్టలు మార్చిన అంచు మారును, మగ్గము మారదు. మగ్గము హార్డువేరు, అట్టలలోని యేర్పాటు సాఫ్టువేరు. ఈ పోలిక నేను కల్పించినది గాదు. 1804 ప్రాంతమున ఫ్రాన్సులో జకార్డు ఆ యట్టల మగ్గమును సిద్ధపఱచెను. దానిని చూచియే ఇంగ్లండులో బాబేజి, 1830 తరువాత తాను తలపెట్టిన లెక్కల యంత్రమునకు అట్టి యట్టలనే వాడదలచెను.

ఆ యట్టపై రెండే సంగతులు కలవు: రంధ్రముండుట, లేకుండుట. కంప్యూటరులోను అంతియే, విద్యుత్తు కలదు, లేదు. ఒక్కొక్క గుర్తునకు బిట్టు అని పేరు. ఆ పేరు 1948లో షానన్ అను శాస్త్రజ్ఞుని వ్యాసమున అచ్చుపడెను. రెండు గుర్తులతో నింత పని యెట్లు జరుగునని మీకు సందేహము కలుగవచ్చును. పద్యమునకు గణవిభజన చేసినవారికి ఆ సందేహముండదు. గురువు, లఘువు అను రెండింటితో మూడక్షరములకు మగణము మొదలుగ ఎనిమిది గణము లేర్పడును. నాలుగక్షరములకు పదునాఱు, ఎనిమిదక్షరములకు 256 విధములు కలుగును. ఛందస్సునందు దీనిని ప్రస్తారమందురు. పింగళుడు దీనిని సూత్రించెను. ఎనిమిది బిట్లు చేరిన నొక బైటు. దానికిని 256 విధములే. పింగళుడు కంప్యూటరును కనిపెట్టెనని నేననను. ఆ లెక్క మనకు పరాయిది కాదని మాత్రమే యందును. ఇట్లే ప్రతి యక్షరమునకు నొక సంఖ్య నిచ్చి యంత్రమునకు చదువు నేర్పిరి. యూనికోడు అను ప్రపంచలిపుల పట్టికలో 1991లో మన తెలుగునకు 128 స్థానములు కేటాయించిరి.

ఫైలు అను మాటకు మూలము దారము. ఐరోపాలో పూర్వము కాగితములను దారమునకు గ్రుచ్చి దాచెడివారు. మనవారు తాటాకులకు రంధ్రముచేసి, త్రాడు గ్రుచ్చి కట్టిరి. గ్రంథమను మాటకును కట్టబడినదనియే యర్థము. రెండు దేశముల వారికి నొక్కటే తోచినది. కంప్యూటరులోని ఫైలు అట్టి కట్టయే.

సర్వరు అనగా సేవకుడు. ఎక్కడనో దూరమున నుండి, మీసేవలోని యంత్రము అడిగిన కట్టను తెచ్చి యిచ్చు పెద్ద యంత్రమది. "సర్వరు డౌను" అని చెప్పినపుడు, సేవకుడు పలుకుట లేదని యర్థము. మీ భూమి లెక్క చెఱిగిపోయినదని కాదు. మఱునాడు రావచ్చును. "రికార్డు పోయినది, కొంత యిచ్చిన తెప్పింతును" అని యెవరైన నన్న యెడల, మీరు నమ్మవలసిన పని లేదు.

తుదకు నన్ను ముంచిన మాటకు వత్తును. పాస్‌వర్డు కావలివాని మాట. కోటవాకిట రాత్రివేళ వచ్చినవానిని కావలివాడు సంకేతపదమడుగును. చెప్పినవానికే తలుపు తీయును. ఒకే కంప్యూటరును పలువురు వాడునపుడు ఎవరి ఫైళ్ళు వారికే దక్కుటకై, 1960 తరువాత అమెరికాలో ఈ పద్ధతిని యంత్రమునకు తెచ్చిరి. ఓటీపీ యనగా ఒక్కమాఱే చెల్లు సంకేతపదము. తలుపు తట్టినవాడు యజమానియేనా యని తెలిసికొనుటకు, యజమాని టెలిఫోనునకు మాత్రమే దానిని పంపుదురు. దానిని పరునికి చెప్పుట, కావలివానిముందు ఆ పరునినే యజమానిగ నిలుపుట. బ్యాంకువారు టెలిఫోను చేసి దానినడుగరు. మీసేవలో మీ పనికై మీరే యెదుట నిలిచి చెప్పవలసి వచ్చినను, వచ్చిన వార్తను ముందు చదివించుకొనుడు: ఏ పనికి వచ్చినది, అందు ధనమెంత యని యడుగుడు. పొరపాటు జరిగిన తోడనే 1930 అను సంఖ్యకు టెలిఫోను చేయవలెను. ఆలసించినకొలది సొమ్ము దొరకుట కష్టము. నేను సిగ్గుపడి మూడుదినములు ఎవరికిని చెప్పలేదు.

కంప్యూటరును గణకయంత్రమనవలెనా, సంగణకమనవలెనా యని పండితులు చర్చింతురు. రైలును ధూమశకటమన్నవారును ఎక్కినది రైలే. పేరేదైనను సరే, అర్థము నడుగుట మానకుడు. మనుమని యడుగుట చిన్నతనము కాదు. నేను అడుగవలసిన యుదయమున అడుగక పోయినవాడను. మీరట్లు చేయకుందురని నమ్మి సెలవు తీసికొనుచున్నాను.