నాగయ్య, చిత్తూరు వి. (1904–1973)

తెలుగు సినిమా నటుడు, గాయకుడు, సంగీత దర్శకుడు, నిర్మాత. గుంటూరు ప్రాంతపు రేపల్లెలో 1904 మార్చి 28న పుట్టినా ఆయన పేరు ముందు నిలిచిన ఊరు చిత్తూరే. ఇటు కుప్పం, వెంకటగిరికోట నుంచి అటు మదనపల్లె దాకా చిత్తూరు ప్రాంత జనం ఆయనను తమ వాడిగా చెప్పుకోవడానికి ఆ పేరు చాలు.

రంగస్థలం మీద గాత్రంతో పేరు తెచ్చుకున్న నాగయ్య 1938లో ‘గృహలక్ష్మి’తో తెరకెక్కారు. మరుసటి ఏడాది బి.ఎన్. రెడ్డి తీసిన ‘వందేమాతరం’లో కథానాయకుడై, సంగీతమూ ఆయనే కూర్చారు. ‘సుమంగళి’, ‘దేవత’, ‘స్వర్గసీమ’ ఆ తరువాతివి.

ఆయన అసలు ఎత్తు భక్తుల పాత్రల్లో కనిపిస్తుంది. కె.వి. రెడ్డి దర్శకత్వంలో ‘పోతన’ (1942), ‘యోగి వేమన’ (1947) చేశారు. రెండింటి నడుమ 1946లో వచ్చిన ‘త్యాగయ్య’కు నిర్మాత, దర్శకుడు, నాయకుడు తానే. గొంతు పెంచకుండా, చేతులు ఊపకుండా, కళ్ళతోనూ పాటతోనూ పాత్రను నిలబెట్టడం పద్యనాటకాల హోరుకు అలవాటుపడిన ఆ రోజుల్లో నిజంగా కొత్త. మహనీయుల జీవితపాత్రలకు పేరుపడిన హాలీవుడ్ నటుడు పాల్ మునితో పత్రికా సంపాదకుడు బాబూరావు పటేల్ ఆయనను పోల్చారు. లూయీ పాశ్చర్ పాత్రకు ఆస్కార్ అందుకున్న నటుడు ముని. పోలిక సరైనదే, అయితే ముని పాడలేదు. నాగయ్య నటనలో సగం పాటే.

తమిళంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ‘మీరా’లో రాణాగా నటించారు. 1965లో పద్మశ్రీ వచ్చింది. అడిగినవారికి లేదనని దాతృత్వం వల్ల చివరి రోజులు ఇబ్బందుల్లో గడిచాయి. 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు.