సత్యనారాయణపురం పచారీ పద్దు

విజయవాడ చరిత్ర రాసేవాళ్ళు దుర్గమ్మ కొండ దగ్గర మొదలుపెడతారు. ఆనకట్ట, రైల్వే జంక్షన్, సినిమా హాళ్ళు, రాజకీయాలు చెప్పి ముగిస్తారు. ఊరు ఏం తిన్నది, ఆ సరుకు ఎక్కడ కొన్నది, ఎంతకు కొన్నది అన్న లెక్క ఆ రాతల్లో అరుదు. సత్యనారాయణపురంలో పుట్టి, ఇక్కడే కాపురముంటున్న నాకు ఆ లెక్కే ముఖ్యమనిపిస్తుంది. ఇవాళ మా పేటలో నలుగురు ఆడవాళ్ళు ఒకచోట చేరితే వినిపించే మాట ఒకటే: సూపర్ మార్కెట్‌లో కావలసిన సరుకు దొరకదు, దొరికినదాని ధర నెల నెలకూ పెరుగుతుంది. ఆ మాట ఎందుకు వస్తోందో తెలియాలంటే మన ఊరికి సరుకు ఎలా చేరేదో, ఇప్పుడెలా చేరుతోందో తెలియాలి.

కాలువల కాలం నుంచి వన్‌టౌన్ దాకా

1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. దానితో బెజవాడ దశ తిరిగింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ డెల్టాకు నీళ్ళిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. ధాన్యం బస్తాలు పడవల మీద వచ్చేవి. 1890లలో కృష్ణ మీద రైలు వంతెన పడి మద్రాసు వైపు దారి కలిశాక బెజవాడ పెద్ద జంక్షన్ అయింది. స్టేషనుకు పడమటన వన్‌టౌన్ టోకు వ్యాపారానికి కేంద్రమైంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ మొదటి స్పీకర్ అయ్యదేవర కాళేశ్వరరావు పేరు మీద ఉన్న మార్కెట్ కూడా అక్కడే. తర్వాతి కాలంలో టోకు కొట్లు చాలావరకు గొల్లపూడి కాంప్లెక్స్‌కు తరలిపోయినా, వన్‌టౌన్ సందుల్లో చింతపండు, ఎండుమిర్చి ఘాటు ఇంకా ముక్కుకు తగులుతూనే ఉంటుంది.

మన ఊరి అదృష్టం ఏమిటంటే, కావలసినవన్నీ చుట్టూ పండుతాయి. మిర్చికి గుంటూరు, పసుపుకు దుగ్గిరాల, ఉల్లికి తాడేపల్లిగూడెం మార్కెట్. మాగాణుల్లో వరి తర్వాతి పంటగా వేసిన మినుములు దివిసీమ నుంచీ తెనాలి వైపు నుంచీ వచ్చేవి. బాపట్ల పరిశోధనా కేంద్రం ఇచ్చిన సాంబ మసూరి బియ్యం ఇంటింటి అన్నమైంది. పొద్దున బయల్దేరిన లారీ మధ్యాహ్నానికి వన్‌టౌన్‌లో ఉండేది. ఇంత దగ్గర్లో ఇన్ని పండే ఊరు పప్పుకూ ఉప్పుకూ ఇబ్బంది పడకూడదు.

చీటీ, ఖాతా, కొసరు

మా సత్యనారాయణపురం ఉద్యోగుల పేట. రైల్వేవాళ్ళు, టీచర్లు, గుమాస్తాలు, పురోహితులు ఎక్కువ. అప్పట్లో పేట మధ్య నుంచి రైలు పట్టాలు ఉండేవి, చిన్న స్టేషనూ ఉండేది. ఇప్పుడు ఆ పట్టాల చోట బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది. ఒకటో తారీఖు జీతం, రెండో తారీఖు పచారీ కొట్టు: ఇది ప్రతి ఇంటి క్రమం. అమ్మ నెల సామాన్ల చీటీ రాసిచ్చేది. కందిపప్పు, మినప్పప్పు, పెసరపప్పు, చింతపండు, బెల్లం, నూనె వరసగా. కొట్టాయన చీటీ చూసి, పాత న్యూస్‌పేపర్‌తో పొట్లాలు కట్టి, పురికొస బిగించి, ఖాతా పుస్తకంలో పద్దు రాసేవాడు. చివర్లో పిల్లల చేతిలో పటికబెల్లం ముక్క కొసరు వేసేవాడు.

ఆ కొట్టులో నాకు బాగా గుర్తున్నది పప్పు వ్యవహారం. ఒకసారి కందిపప్పు ఎంత సేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉండిపోయింది. మర్నాడు అమ్మ మిగిలిన పప్పు సంచీలో పోసి పంపింది. కొట్టాయన గుప్పెడు అరచేతిలో పోసుకుని, గోటితో ఒక బద్ద విరిచి చూసి, "టోకు వ్యాపారి పాత సరుకు అంటగట్టాడమ్మా. అమ్మగారికి చెప్పు, మార్చి ఇస్తాను" అన్నాడు. మార్చి ఇచ్చాడు. ఆ పై నెల నుంచి ఆ టోకు వ్యాపారి దగ్గర కొనడం మానేశాడని కూడా విన్నాం. ఇంటి గిన్నెలో ఉడకని పప్పు గురించి వన్‌టౌన్ గిడ్డంగి దాకా కబురు వెళ్ళడానికి మధ్యలో ఒక్క మనిషి చాలాడు.

ఆ రోజుల్లో అంతా బాగుండేదని అనను. తూకంలో మోసం ఉండేది, పప్పులో రాళ్ళూ కారంలో రంపపు పొట్టూ ఉండేవి. అరువున్నవాళ్ళు ధర అడగడానికి జంకేవాళ్ళు. సరుకు కరువైతే కొన్ని కొట్లు బస్తాలు దాచి ధర పెంచేవి. సహకార దుకాణాలు పుట్టింది ఈ బాధల్లోంచే.

ఊరు తన చేతికి తీసుకున్న ధరలు

1962లో చైనా యుద్ధం వచ్చింది. ధరలు పెరుగుతాయన్న భయంతో కేంద్ర ప్రభుత్వం పట్టణాల్లో వినియోగదారుల సహకార సంఘాలకు పెద్ద పథకం పెట్టింది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు. డాలరుకు 4.76 రూపాయలున్నది 7.50 అయింది. ఆ మరుసటి నెలే ఢిల్లీ కన్నాట్‌ప్లేస్‌లో సహకార సూపర్ బజార్ తెరిచారు. దేశంలో చాలా పట్టణాలకు ఆ పద్ధతి పాకింది. మన ఊళ్ళో విజయకృష్ణా సూపర్ బజార్ ఆ కోవలోదే. దుకాణం సభ్యులది, లెక్కలు సభ్యుల ముందు పెట్టాలి, సరుకు బాగా లేకపోతే సర్వసభ్య సమావేశంలో లేచి అడగొచ్చు. ఆ హక్కును అందరూ వాడుకోలేదన్నది నిజం. కానీ హక్కంటూ ఒకటి ఉండేది.

1974 చివర్లో రాష్ట్ర పౌర సరఫరాల కార్పొరేషన్ వచ్చింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలయ్యాయి. మా పేటకు కేదారేశ్వరపేట రైతు బజారు దగ్గర. రైతు నేరుగా అమ్ముకుంటాడు. టోకు ధర మీద కాస్త ఎక్కువ, బయటి చిల్లర ధర కంటే తక్కువ ఉండేలా రోజూ ధర కట్టి బోర్డు మీద రాస్తారు. వంకాయ ఎంత, బెండకాయ ఎంత అని గేటు దగ్గరే చదువుకుని లోపలికి వెళ్తాం. ఆ బోర్డు కంటే ఎక్కువ అడిగితే నలుగురు వినేలా నిలదీస్తాం. పేరున్న ఉద్యమాల గురించి చెప్పుకునే ఊళ్ళో ఈ బోర్డును కూడా లెక్కలోకి తీసుకోవాలి. దానివల్ల ధర గోప్యం కాకుండా పోయింది.

చల్లటి దుకాణం వచ్చింది

హైదరాబాద్‌లో 2006 తర్వాత పెద్ద కంపెనీల కిరాణా దుకాణాలు వరసగా తెరిచాయి. కొన్నేళ్ళకే ఆ గాలి మన ఊరికీ వచ్చింది. మా పేట వాళ్ళం సంతోషించాం. తూకం సరిగ్గా ఉంది, బిల్లు చేతికొస్తోంది, ఎవరూ తొందరపెట్టరు, నచ్చినది చూసి తీసుకోవచ్చు. కోడళ్ళు, కాలేజీ పిల్లలు, పింఛనుదార్లు అందరూ అక్కడికే మళ్ళారు. ఒక్కో పచారీ కొట్టు షట్టర్ దించింది. ఒకటి మొబైల్ రీచార్జి షాపయింది, ఇంకొకటి బ్యూటీ పార్లర్ అయింది.

ఇప్పుడు ఆ దుకాణంలోకి వెళ్ళి చూడండి. మినప గుళ్ళ అర దగ్గర నాలుగు ప్యాకెట్లు ముందుకు జరిపి నిలబెట్టి ఉంటాయి, వాటి వెనక ఖాళీ. దూరం నుంచి అర నిండుగానే కనిపిస్తుంది. చెయ్యి పెడితే లోపలి గోడ తగులుతుంది. ఇడ్లీ రవ్వ అడిగితే లేదు, అటుకులు అడిగితే లేదు. ఓట్స్, కార్న్‌ఫ్లేక్స్ మాత్రం మూడు అరల నిండా ఉన్నాయి. కంది పప్పులో దుకాణం సొంత బ్రాండ్ ఒక్కటే ఉంది, కావాలంటే అదే కొనాలి. పెరుగు పెట్టెలో తారీఖు చూస్తే రేపటితో గడువు ముగుస్తుంది. అరలు సర్దే కుర్రాణ్ణి అడిగాను. "డీసీ నుంచి రాలేదు మేడమ్. మేం ఇండెంట్ పెట్టాం. అక్కడ పంపిందే వస్తుంది" అన్నాడు. పాపం వాడి మాటలో అబద్ధం లేదు.

డీసీ అంటే చాలా దుకాణాలకు సరుకు పంపే పెద్ద గోదాము. ఏ ఊరికి ఏది ఎంత పంపాలన్నది గత అమ్మకాల లెక్క చూసి కంప్యూటర్ తేలుస్తుంది. ఆ లెక్కలో ఒక చిక్కుంది. అర ఖాళీగా ఉంటే ఆ వారం అమ్మకం ఉండదు. అమ్మకం లేదు కాబట్టి వచ్చే వారం పంపేది తగ్గుతుంది. సంక్రాంతికి ముందు మా పేటలో ప్రతి ఇంటా అరిసెలకు బెల్లం కావాలని ఆ లెక్కకు ఎవరైనా చెబితే తప్ప తెలియదు. చెప్పే దారి ఆ దుకాణంలో లేదు. గుంటూరుకు గంట దూరంలో ఉన్న ఊళ్ళో, ఎండుమిర్చి కోసం ఎక్కడినుంచో వచ్చే లారీకి ఎదురుచూస్తున్నాం.

పెరిగిన ధర, దాచిన ధర

ధరలు పెరిగిన ప్రతిసారీ తప్పు దుకాణానిది కాదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే పొద్దుతిరుగుడు నూనె భగ్గుమంది. 2023 జులైలో టమాటా కిలో వంద దాటి పైకి పోయింది. 2024 సెప్టెంబర్ 14న కేంద్రం ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. వీటిని పచారీ కొట్టు కూడా ఆపలేదు. మా పేటవాళ్ళకు ఆ సంగతి తెలుసు.

కోపం వచ్చేది దాచిన ధర మీద. నూనె ప్యాకెట్ చూడండి. లీటరు నూనె బరువు ఇంచుమించు 910 గ్రాములు. పక్కనే అదే రంగు, అదే బొమ్మ, అదే ఎత్తున్న ఇంకో ప్యాకెట్, దాని మీద 850 గ్రాములని చిన్న అక్షరాలు. రెండూ 150 రూపాయలే అనుకుందాం. మొదటిదాంట్లో వంద గ్రాములకు దాదాపు 16.50 పడుతుంది, రెండోదాంట్లో 17.65. కళ్ళద్దాలు లేకుండా వచ్చిన పెద్దావిడకు ఈ తేడా ఎలా కనిపిస్తుంది? అర మీద ఒక ధర, బిల్లులో ఇంకో ధర ఉండడం మరొకటి. కౌంటర్‌లో అడిగితే "ట్యాగ్ మార్చలేదండి, సిస్టమ్‌లో ఉన్నదే రేటు" అంటారు. వెనక వరసలో జనం నిలబడి ఉంటారు, నాలుగైదు రూపాయల కోసం ఎందుకని చాలామంది వదిలేస్తారు. ఒక్కరికి నాలుగైదు రూపాయలే. కానీ పేటంతటికీ అది ప్రతి నెలా పడే బరువు.

2025 సెప్టెంబర్ 22న సబ్బులు, టూత్‌పేస్ట్‌ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్న మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను తగ్గిన వార్త పేపర్లో చదివి వెళ్ళినవాళ్ళు అర మీద పాత చీటీలే చూసి, తగ్గిందో లేదో తేల్చుకోలేక తిరిగొచ్చారు. ధర పెరిగినప్పుడు ఆ రాత్రికే చీటీ మారుతుంది. తగ్గినప్పుడూ అంతే త్వరగా మారాలి.

బుడమేరు చెప్పిన పాఠం

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి ఊరి మీద పడింది. సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్ళాయి. మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదికి నీళ్ళొచ్చాయి, హైదరాబాద్ దారి ఆగింది. కేసముద్రం వైపు రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది.

మా సూపర్ మార్కెట్ అరలు ఖాళీ అవడానికి ఎక్కువ సేపు పట్టలేదు. లారీ రావలసిన దారే మూసుకుపోయింది. పేటలో మిగిలిన పచారీ కొట్టు ఆయన మాత్రం షట్టర్ సగం ఎత్తి కూర్చున్నాడు. గొల్లపూడి నుంచి తెచ్చి పెట్టుకున్న పప్పు, బియ్యం, కొవ్వొత్తులు అమ్మాడు. పసిపిల్లలున్న ఇళ్ళకు ముందు పాల ప్యాకెట్లు ఇచ్చాడు. ఎవరింట్లో పసిపిల్లలున్నారో ఆయనకు తెలుసు. ఊరి సరుకు ఊళ్ళోనే కొంత నిలవ ఉండాలని, దాన్ని పంచే మనిషికి ఊరి జనం తెలిసి ఉండాలని ఆ వారం నాకు గట్టిగా అర్థమైంది.

అడగవలసినవి

చట్టం మన పక్షానే ఉంది. తూనికలు కొలతల చట్టం 2009లో వచ్చింది, 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ముద్రించిన ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవడం నేరం. గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ప్యాకెట్ మీద వేయాలన్న నిబంధన కూడా వచ్చింది. 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. బిల్లు జాగ్రత్తగా పెట్టుకోవాలి, అర మీది చీటీని ఫోన్లో ఫొటో తీసుకోవాలి. తేడా వస్తే అక్కడే నిలబడి అడగాలి.

కానీ అర ఎందుకు ఖాళీగా ఉందని అడిగే చట్టం లేదు. దాన్ని పేట జనమే అడగాలి. రైతు బజారు గేటు దగ్గర బోర్డు పెట్టించుకున్న ఊరు మనది. సూపర్ మార్కెట్ ద్వారం దగ్గర కూడా కందిపప్పు, మినప్పప్పు, బియ్యం, నూనె, చింతపండు, బెల్లం ధర కిలో లెక్కన పెద్ద అక్షరాల్లో రాయించాలి. లేని సరుకు రాసే పుస్తకం ఒకటి కౌంటర్ మీద ఉండాలి, దానికి మేనేజర్ వారానికోసారి జవాబు రాయాలి. పప్పు, మిర్చి, బెల్లం లాంటివి దగ్గరి మార్కెట్లలో కొనే అధికారం ఊళ్ళోని దుకాణానికి ఇవ్వాలి. కాలనీ సంఘం తరఫున పది మంది కలిసి వెళ్ళి ఈ మూడూ రాతపూర్వకంగా ఇస్తే, ఒక్కొక్కరు కౌంటర్‌లో గొణిగిన దానికంటే బలంగా ఉంటుంది. మిగిలిన పచారీ కొట్లలో నెలకు కొంతైనా కొనాలి. ఆ కొట్లు మూతపడితే మన మాట వినే చివరి కౌంటర్ కూడా పోతుంది.

ఆనకట్ట నాటి నుంచి ఈ ఊరు చుట్టుపక్కల పండినది తెచ్చుకుని, బేరం చేసి, నిలదీసి తిన్నది. మన తిండి సరుకు మీద మనకు మాట ఉండాలి. వచ్చే కాలనీ సమావేశంలో రోడ్లు, డ్రైనేజీతో పాటు ఈ సంగతి కూడా అజెండాలో పెట్టమని మా పేట పెద్దలను అడుగుతున్నాను.