ముందు గాలి, తరువాతే నిప్పు



లాటిన్ భాషలో 'టర్బో' అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి బొంగరం, రెండవది సుడిగాలి. 19వ శతాబ్దిలో ఒక ఫ్రెంచి ఇంజనీరు దానినుంచే 'టర్బైను' అనే పేరు కల్పించాడు. వాయు టర్బైనుకు ఆ రెండర్థాలూ చెల్లుతాయి. గాలిని లోనికి పీల్చి, అదిమి, అందులో ఇంధనాన్ని మండించగా వెలువడిన వేడి వాయువు ఒక చక్రాన్ని త్రిప్పుతుంది. అదే ఇరుసుకు బిగించిన ముందరి చక్రం మరల గాలిని అదుముతుంది. చెప్పడానికి ఇంతే. కాని పుట్టిన శక్తిలో అధికభాగం గాలిని అదమడానికే ఖర్చయిపోతుంది. 1903లో నార్వే దేశస్థుడు ఎల్లింగ్ నిర్మించిన యంత్రంలో ఆ ఖర్చు పోగా మిగిలినది 11 అశ్వశక్తులు మాత్రమే. ఆ మిగులును చూపగలగడమే ఆనాటికి ఘనకార్యం.

ఈ యంత్రం నేర్పిన పెద్దపాఠం 1937 ఏప్రిల్ 12న ఇంగ్లండులోని రగ్బీ పట్టణంలో జరిగింది. విమానాలకోసం జెట్ ఇంజనును రూపొందించిన ఫ్రాంక్ విటిల్ ఆనాడు దానిని మొదటిసారి నడిపించాడు. ఇంధనపు కవాటం తెరిచాడు. యంత్రం కీచుమని అరుస్తూ వేగం పుంజుకొన్నది. వెంటనే కవాటం మూసివేశాడు. అయినా వేగం తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది! చుట్టూ ఉన్నవారు పరుగు లంకించుకొన్నారు. విటిల్ మాత్రం నిలుచున్నచోటనే కొయ్యబారిపోయాడు. తరువాత విచారించగా కారణం తేలింది. అంతకుముందే ఇంధనం లోపలికి కారి మడుగు కట్టింది. కవాటం మూసినా ఆ మడుగు మండుతూనే ఉన్నది. అది అయిపోయిన తరువాతనే యంత్రం శాంతించింది.

ఈ సంగతి మన ఇండ్లలోని ఆడవారికి ఏనాడో తెలుసు. పంపు స్టవ్వు తల వేడెక్కకముందే పంపు కొడితే కిరసనాయిలు ఆవిరి కాకుండా ద్రవంగానే పైకి చిమ్ముతుంది. ఆపై మంట నిలువెత్తున లేస్తుంది. బొమ్మవిమానాలకు అమర్చే చిట్టి టర్బైనులు చాలావరకు ఈ స్టవ్వుకు దగ్గరి చుట్టాలే. 1990ల ఆరంభానికి జర్మనీలో కుర్ట్ ష్రెక్లింగ్ ఇంట్లోనే చేసుకోదగిన ఇంజనును రూపొందించాడు. గాలిని అదిమే చక్రాన్ని ప్లైవుడ్డుతో చేసి కార్బన్ నారతో బిగించాడు! ఆ తరువాత ప్రసిద్ధికెక్కిన కేజే-66 అనే నమూనాలో కారు టర్బోచార్జరుకు వాడే 66 మిల్లీమీటర్ల చక్రం ఉన్నది. నిమిషానికి 1,15,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు సుమారు 400 మీటర్లు, అంటే ధ్వనివేగాన్ని మించినది. బొమ్మకు అమర్చినా ఇది బొమ్మ కాదు.

అందుకే దీనికొక క్రమం ఏర్పడింది. ముందు గాలితో గాని మోటారుతో గాని చక్రాన్ని త్రిప్పాలి. తరువాత కొద్దిపాటి గ్యాసు వెలిగించి, లోపలి ఆవిరిగొట్టాలను వేడి చేయాలి. ఆపైననే కిరసనాయిలు. ఆపేటప్పుడు ముందు ఇంధనం కట్టాలి, చల్లబడేవరకు గాలి ఆడించాలి. ఒకసారి అంటుకోకపోతే, లోపల చేరిన ఇంధనాన్ని పూర్తిగా ఒంపివేయనిదే రెండవసారి ప్రయత్నించరాదు. నేటి యంత్రాలలో ఈ క్రమాన్ని ఒక ఎలక్ట్రానిక్ పెట్టె నడిపిస్తుంది. కాని నిలువవలసిన చోటు మనుష్యుడే ఎంచుకోవాలి. వెనుక వేడిగాలి, ముందు పీల్పు. ప్రక్కన చక్రానికి సూటిగా నిలిచినా, అది పగిలితే ముక్కలు అటే వస్తాయి. చెవులకు రక్షణ, చేతికందేచోట కార్బన్ డయాక్సైడు సిలిండరు, చుట్టూ ఎండుగడ్డి లేని నేల ఉండాలి. కండువాలు, పైటలు దూరంగా ఉండాలి. దూదిపింజ నేలమీద పేరుకొంటే ఏమవుతుందో తెలిసిన మా చిలకలూరిపేట జిన్నింగు మిల్లుల కార్మికులకు ఇందులో ఏదీ వింతగా తోచదు.

ఇదంతా పరదేశపు ముచ్చట అనుకోవద్దు. కృష్ణా గోదావరీ తీరాల సహజవాయువుతో మన రాష్ట్రంలో పెద్ద వాయు టర్బైనులు కరెంటు పుట్టించాయి. గోదావరి ఒడ్డున విజ్జేశ్వరంలోనూ, విజయవాడ చెంత కొండపల్లిలోనూ అట్టి కేంద్రాలు వెలిశాయి. ఆ కొండపల్లికి వాయువును చేరవేసే గెయిల్ వారి గొట్టమే 2014 జూన్ 27న తూర్పుగోదావరి జిల్లా నగరం గ్రామంలో చిల్లుపడింది. తెల్లవారుజామున వాయువు ఇండ్లమధ్య, కొబ్బరితోటలలో పరుచుకొన్నది. నిప్పు తగలగానే అంతా ఒక్కసారిగా అంటుకొన్నది. ఇరవైమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఎందరో కాలిన గాయాలతో మిగిలారు.

రగ్బీలో చెంబెడు ఇంధనం, నగరంలో ఊరంతటి వాయువు. రెండుచోట్లా మంటకన్న ముందే ఇంధనం చేరి కూర్చున్నది. రగ్బీలో ప్రాణాలు దక్కాయి గనుక ఆ కథను వింతగా చెప్పుకొంటున్నాము. నగరంలో ఎవరూ ఏ యంత్రమూ నడపలేదు, ఏ క్రమమూ తప్పలేదు. తెల్లవారి పొయ్యి వెలిగించుకొనే ఊరది. మీటను పట్టుకొన్నవాడు తన క్రమం తాను పాటించవచ్చు. ప్రక్కన కాపురముండేవారికి ఆ అవకాశం లేదు. కాబట్టి గొట్టమైనా, చిట్టి ఇంజనైనా, జాగ్రత్త అంతా నడిపేవాడి బాధ్యతే.