పెట్టెలో ఒదిగిన వెండితెర

చలనచిత్రమును పుస్తకమువలె కొని, అలమరలో నిలిపి, కోరినపుడు తీసి చూచుకొనుట సామాన్య గృహస్థునకు ఇటీవల దక్కిన సౌకర్యము. 1895 డిసెంబరులో పారిసు నగరమున లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి చిత్రములు చూపిన నాటినుండి దాదాపు 80 సంవత్సరములు, చూచినవాడు చిత్రమును జ్ఞాపకముగా మాత్రమే ఇంటికి తీసికొనిపోయెడివాడు. 1922 నుండి పాథే సంస్థవారి చిన్న ఫిల్ములను కలవారు కొందరు ఇండ్లలో ఆడించుకొనిరి గాని, అందు పెద్ద చిత్రములు కుదింపబడి వచ్చెడివి. తరువాత కాలము మారినది. అకిరా కురొసావా శతజయంతి సందర్భమున ఆయన చిత్రములు 25, గుడ్డ అట్ట వేసిన ఒక పెట్టెలో 2009లో వెలువడినవి. ఇంగ్మార్ బెర్గ్‌మన్ శతజయంతి సంవత్సరమైన 2018లో ఆయన చిత్రములు 39, 30 డిస్కులుగా, పెద్ద గ్రంథమును పోలిన సంపుటములో వచ్చినవి. వీనినే బాక్సుసెట్టు లందురు.

వీనిని సేకరించువారు చిత్రమును గూర్చి ఎంత చర్చింతురో పెట్టెను గూర్చియు అంత చర్చింతురు. అట్ట దళసరిగా నున్నదా, బొమ్మ చిత్రమునకు తగినదేనా, డిస్కు గీత పడకుండ బయటికి వచ్చునా అని వారి విచారము. సరకును విడిచి సంచిని మెచ్చుకొనుచున్నారని కొందరు నవ్వుదురు. మేము ఆ నవ్వులో పాలుపంచుకొనలేము. చిత్రముల చరిత్రలో పెట్టె చేసిన మేలును, కీడును రెండును పెద్దవియే.

చిత్రమునకు మొదటి పెట్టె రేకు డబ్బా. 35 మిల్లీమీటర్ల ఫిల్ము 1000 అడుగుల చుట్ట తెరమీద 11 నిమిషములు నడచును. అట్టి చుట్టలు పదియో పదునెనిమిదియో చేరిననే ఒక చిత్రము. 1950 ప్రాంతమువరకు ఈ ఫిల్మును నైట్రేటుతో చేసెడివారు. అది అంటుకొన్నచో నీటిలో ముంచినను ఆరదు. దహనమునకు కావలసిన ప్రాణవాయువు దానిలోనే యున్నది. తరువాత వచ్చిన అసిటేటు ఫిల్మునకు అగ్నిభయము లేదు. కాని వేడికిని చెమ్మకును అది పులిసి, వెనిగరు వాసన వేయుచు, ముడుచుకొని పోవును. ఆ పులుపు ఆవిరి వెలుపలికి పోవు దారి లేక డబ్బాలోనే నిలిచిన కొలది క్షయము వేగిరపడును. ఆవకాయ జాడీకి వాసెన బిగించి కట్టుటయే రక్షణ యని ఎరిగిన మనకు ఇది వింతగా తోచును. బిగించిన మూతయే అసిటేటు ఫిల్మునకు శత్రువు. ఎంత జాగ్రత్తపరుడు ఎంత గట్టిగా మూసి దాచెనో అంత త్వరగా పాడైన చిత్రములు ఉన్నవి. ఇక జాగ్రత్తయే లేనిచోట చెప్పనేల? మన తొలి తెలుగు టాకీ, హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున 1932లో విడుదలయిన ‘భక్త ప్రహ్లాద’, నేడు మనకు ప్రకటనలలోను పత్రికల వార్తలలోను మాత్రమే మిగిలియున్నది. చిత్రములను దాచుటకు పూణెలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో గాని ఏర్పడలేదు. నడుమ గడచిన 32 సంవత్సరములు చిత్రముల పాలిటికి దిక్కులేని కాలము.

ఇంటికి వచ్చు పెట్టె వంశము వేరు. అది గ్రామఫోను రికార్డునుండి పుట్టినది. పది అంగుళముల రికార్డు ఒక ప్రక్క మూడు నిమిషములకు మించి పలుకదు. ఒక పద్యము రాగాలాపనతో ముగియునప్పటికే ముల్లు మధ్యకు వచ్చును. అందుచేత మన నాటకములు రికార్డుల సెట్టులుగా వెలువడి, పెద్దల యిండ్లలో వరుసతప్పక దాచబడెడివి. ఒక రికార్డు పగిలెనా, కథలో ఒక రంగము పోయినట్లే. ఇతర దేశములలో ఇట్టి రికార్డులను కాగితపు జేబులు కుట్టిన పుస్తకములలో అమర్చి అమ్మిరి. అవి ఫొటోలు దాచు ఆల్బముల వలె నుండుటచే వానికిని ఆల్బమను పేరు వచ్చెను. జేబులు పోయినను ఆ పేరు పోలేదు. 1940 వరకు ఆ పుస్తకముల అట్టమీద సాధారణముగ పేరు తప్ప వేరొండు కనబడదు. ఆ సంవత్సరము అమెరికాలోని కొలంబియా సంస్థలో అలెక్స్ స్టైన్‌వైస్ అను యువ చిత్రకారుడు అట్టలను గోడపత్రికలవలె రంగులతో తీర్చెను. అమ్మకములు పెరిగినవి, తక్కిన సంస్థలు అనుసరించినవి. అట్టమీది బొమ్మ సంగీతమును అమ్మగలదని వర్తకులు నాడు తెలిసికొనిరి. నేటి చిత్రసంపుటముల వెల్వెటు అట్టలు, బంగారు అక్షరములు అన్నియు ఆ పాఠమునుండి వచ్చినవియే.

లేజర్ డిస్కు 1978 చివర అమెరికాలో విక్రయమునకు వచ్చెను. దాని వెడల్పు 12 అంగుళములు. ఎల్.పి. రికార్డునకు సరియైన కొలత కావున అట్టయు అదే కుదిరినది. చిత్రమును ఏ దృశ్యమువద్దనైన కదలకుండ నిలిపి చూడగల రకపు డిస్కు ఒక ప్రక్క 54,000 దృశ్యములను, అనగా 30 నిమిషములను మాత్రమే పట్టును. రెండు గంటల చిత్రమునకు నాలుగు ప్రక్కలు కావలెను. మరల నాటకపు రికార్డుల స్థితియే! డిస్కులు రెండయినపుడు అట్ట పుస్తకమువలె విచ్చుకొనినది. విచ్చుకొన్నచోట వ్రాయుటకు జాగా దొరకినది. 1984లో క్రైటీరియన్ సంస్థవారు ‘సిటిజెన్ కేన్’, ‘కింగ్ కాంగ్’ చిత్రములతో తమ వరుసను ప్రారంభించిరి. ‘కింగ్ కాంగ్’ డిస్కులో రోనాల్డ్ హేవర్ అను చిత్రచరిత్రకారుడు రెండవ శబ్దమార్గమున చిత్రము పొడవున వ్యాఖ్యానము చెప్పెను. అట్టి వ్యాఖ్యానములకు అదియే మొదలు. చీకటి గదిలో కూర్చుండి, కనబడని శ్రోతతో మాటలాడు పని మాకు తెలిసినదే కనుక హేవర్‌పట్ల మాకు కొంత స్వవృత్తి అభిమానము కలదు.

అదే కాలమున అట్టమీది వ్రాత ఇంకొక భారమును మోసెను. 1953లో సినిమాస్కోపు వచ్చినదాది చిత్రములు అడ్డముగా వెడల్పయినవి. టెలివిజను గాజు మాత్రము చదరమునకు దగ్గరగానే యుండెను. టెలివిజను సంస్థలు చిత్రమునకు రెండు ప్రక్కలను కోసి చూపుచు వచ్చినవి. ఇద్దరు మాటలాడుచున్న దృశ్యములో ఒకరి ముక్కు, మరియొకరి చెవి మిగిలెడివి. దీనిని మాన్పుటకు పైన క్రింద నల్లని పట్టీలు విడిచి చిత్రమును సంపూర్ణముగా నిచ్చినచో, డబ్బు పెట్టి కొన్నవారు సగము తెర ఖాళీగా నున్నదని మొరపెట్టిరి. మీరు పోగొట్టుకొన్నది లేదు, ఇది దర్శకుడు తీసిన కొలతయే అని చెప్పవలసిన పని అట్టమీద పడినది. పెట్టె ఈ నాడు నిజము చెప్పుట నేర్చినదని మేము భావింతుము.

మన యిండ్లకు లేజర్ డిస్కు రాలేదనియే చెప్పవచ్చును. మనకు తెలిసినవి వీడియో క్యాసెట్టు, వి.సి.డి., పిదప డి.వి.డి. వి.సి.డి. ఒకటి సుమారు 74 నిమిషములు పట్టును; 1957 నాటి ‘మాయాబజార్’ మూడు గంటలు మించినది గనుక మూడు డిస్కులు తప్పవు. ఇట్టి డిస్కుల అట్టమీద నాయికానాయకుల బొమ్మ యుండును. చిత్రము వచ్చిన సంవత్సరము, ఏ ప్రతినుండి తీసినది, ఏ భాగమైన కొరవడినదా అను వివరములు సాధారణముగ నుండవు. చౌకగా దొరకుటచేతనే పల్లెలకు సైతము ఆ చిత్రములు చేరినవన్నది నిజము; దానిని మేము తక్కువ చేయము. కాని 2010లో ‘మాయాబజార్’ రంగులు దిద్దుకొని, శబ్దము మార్చుకొని మరల విడుదలయినది. మార్కస్ బార్ట్లే వెన్నెలను నలుపు తెలుపులలో పట్టిన చిత్రమొకటి, కంప్యూటరు రంగులు వేసిన చిత్రమొకటి. రెండింటికిని ప్రేక్షకులున్నారు. ఏది ఏదో పెట్టె చెప్పకున్నచో, రేపటి బాలుడు రెండవదియే మొదటిదని నమ్మును. ప్రసారశాఖలో పనిచేయు మాకు ఈ సంగతి అనుభవమున తెలియును. చీటి ఊడిపోయిన టేపు బీరువాలో నున్నను లేనట్లే.

పెట్టె ఏమి చెప్పగలదో చూచుటకు సత్యజిత్ రాయ్ అపు త్రయమును మించిన ఉదాహరణము లేదు. ‘పథేర్ పాంచాలి’ 1955లోను, ‘అపరాజితో’ 1956లోను, ‘అపుర్ సంసార్’ 1959లోను వచ్చినవి. 1992లో అమెరికా అకాడమీవారు రాయ్‌కు గౌరవ పురస్కారము నిచ్చిరి. ఆ సంవత్సరమే ఆయన కీర్తిశేషుడయ్యెను. ఆయన చిత్రముల మూల నెగెటివులను భద్రపరచుటకై లండనులోని హెండర్సన్ లేబరేటరీకి చేర్చిరి. 1993 జులైలో అచ్చట అగ్నిప్రమాదము జరిగినది. దాచుటకై పంపినవి దహనమయినవి. కాలి, కరగి, అంటుకొనిపోయిన రీళ్ళను బాగుచేయు ఉపాయము నాడు లేదు. అయినను అకాడమీవారు వానిని పారవేయలేదు. లాస్ ఏంజెలిస్‌లోని తమ భాండాగారమున నుంచిరి. ఇరువది యేండ్ల పిమ్మట, 2013లో, ఇటలీ దేశమున బొలోన్యా నగరములోని నిపుణులు ఆ రీళ్ళను చేత పట్టిరి. పెళుసెక్కిన ఫిల్మునకు తేమ నిచ్చి మెత్తబరచిరి. కరగిన జిగురును, మైనమును తీసిరి. చెడిన అంచురంధ్రములను ఒక్కొక్కటిగా చేతితో కట్టిరి. ఈ చేతిపని ఇంచుమించు వేయి గంటలు పట్టినది. ‘పథేర్ పాంచాలి’ నెగెటివులో 40 శాతము, ‘అపరాజితో’లో 60 శాతమునకు పైగా దక్కినవి. ‘అపుర్ సంసార్’ నెగెటివు పనికిరాలేదు. లోపించిన భాగములను వేర్వేరు భాండాగారములలోని మేలిప్రతులనుండి పూరించిరి. 2015లో మూడు చిత్రములును న్యూయార్కులో ప్రదర్శింపబడి, ఆ సంవత్సరము నవంబరులో ఒకే సంపుటముగ వెలువడినవి. ఇట్టి సంపుటమును చేతబట్టినవాడు అట్టమీది బాలుని కన్నులను చూచి మురియుటలో తప్పులేదు. అయితే ఆ కన్నులు ఎచ్చటినుండి తిరిగివచ్చినవో చెప్పు లోపలి పుటలను చదువక పెట్టెను అలమరలో పెట్టుట మాత్రము అన్యాయము.

ఇక పెట్టె పనితనము. గ్రంథమువలె కుట్టిన సంపుటములలో డిస్కును బిగుతైన అట్టజేబులో దోపుదురు. చూచుటకు సొగసు, తీయునపుడెల్ల కాగితము డిస్కు ముఖమును రాయును. బ్లూ-రే డిస్కులో చిత్రముండు పొర ఉపరితలమునకు పది వంతులలో ఒక మిల్లీమీటరు లోతున మాత్రమే యున్నది. ఈ కారణముననే మొదట దానిని మూతగల గూటిలో నుంచదలచిరి. గట్టి పూత కనుగొన్న మీదట గూడు మానిరి. పూత యున్నదని గరుకు అట్టలో త్రోయుట మాకు నచ్చదు. నడుమ పండ్లుగల ప్లాస్టికు తట్ట శోభ తక్కువదైనను, డిస్కును ముఖము తాకకుండ పట్టుకొనును. ఆ పండ్లు విరిగినచో డిస్కు పెట్టెలో దొర్లుననుటయు నిజమే. అలమరలో పట్టని ఆకారములు, చిత్రములోని వస్తువులను పోలిన బొమ్మపెట్టెలు మాకు వినోదము కలిగించును గాని, వానిని తెరచుటకు ఇంటిలో ఇద్దరు కావలసివచ్చుచున్నది.

సముద్రతీరపు జిల్లాలలో నుండువారికి గుడ్డ అట్టకు బూజు పట్టుట, జిగురు వీడుట క్రొత్త గాదు. అట్టివారు పెట్టెను గోడకు ఆనింపక, నేలకు ఎత్తుగా, ఎండ తగులనిచోట నిలువుగా నుంచి, వర్షాకాలము వెళ్ళినపిదప ఒకసారి తెరచి గాలి తగులనిచ్చుట మేలు. కొన్ననాడే డిస్కులన్నియు ఆడించి చూడవలెను. నడుమ ఒకటి పలుకకున్నచో మార్చి యిచ్చు గడువు దుకాణములలో స్వల్పము. లోపలి పుస్తకమును పిల్లలు చదువుటకు బయటికి తీసినచో, అది ఏ పెట్టెలోనిదో వెనుక పుటపై పెన్సిలుతో వ్రాసియుంచుట మంచిది.