ముత్యం పేరు మార్గరెట్

గ్రీకు చరిత్రకారుడు అర్రియన్ క్రీస్తుశకం రెండో శతాబ్దంలో మన దేశం గురించి 'ఇండికా' అని ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో ముత్యం ప్రస్తావన వచ్చినప్పుడు, దాన్ని 'మార్గరీటా' అంటారనీ, అది ఇండియా వాళ్ల భాషలో మాటేననీ ఒక ముక్క అనేసి ముందుకు సాగిపోతాడు. ఆ ముక్క చదివిన దగ్గర్నుంచి నా మనసు దాన్ని వదల్లేదు. పిల్లల పేర్ల పుస్తకం ఏది తిరగేసినా 'మార్గరెట్: గ్రీకు పేరు, అర్థం ముత్యం' అని ఒక్క వరసలో తేల్చేస్తారు. ఆ గ్రీకు రచయితేమో అది మా మాట కాదు, తూర్పువాళ్లదే అంటున్నాడు!

భాషావేత్తల్లో ఎక్కువమంది అభిప్రాయం ప్రకారం గ్రీకులు ఈ మాటను ఇరాన్ ప్రాంతపు భాషల నుంచి తీసుకున్నారు. పారశీకంలో ముత్యానికి ఉన్న 'మర్వారీద్' అనే పేరు దీనికి దగ్గరి చుట్టం. ఇంకా వెనక్కి వెళ్లి సంస్కృతంలోని 'మంజరి'తో ముడిపెట్టేవాళ్లూ ఉన్నారు. అర్రియన్ ఊరు తప్పు చెప్పినా దిక్కు సరిగ్గానే చూపించాడు. అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ రాళ్ల గురించి రాసిన గ్రంథంలో కూడా ముత్యాలు ఇండియాలోనూ, ఎర్ర సముద్రమని అప్పట్లో పిలిచిన జలాల్లోని దీవుల్లోనూ దొరుకుతాయని ఉంది. సరుకు ఎటు నుంచి వస్తే పేరూ అటు నుంచే వచ్చింది.

అర్రియన్ ఈ కబుర్లన్నీ మెగస్తనీస్ దగ్గర తీసుకున్నాడు. చంద్రగుప్త మౌర్యుడి కాలంలో పాటలీపుత్రానికి రాయబారిగా వచ్చిన ఆ గ్రీకువాడు చెప్పిన కథ ఇది. హెరాక్లీస్ అనే దేవుడు ఇండియాకు వచ్చి ఎందరో కొడుకులను కన్నాడట. మధుర ప్రాంతం వాళ్లు అతన్ని కొలుస్తారని మెగస్తనీస్ చెప్పడంతో, ఆ హెరాక్లీస్ మన కృష్ణుడేనని చాలామంది పండితులు పోల్చుకున్నారు. అతనికి ఒక్కతే కూతురు. పేరు పాండయా. ఆమె ఏలిన దేశానికి ఆమె పేరే వచ్చిందట. దాన్ని పాండ్యదేశంగా గుర్తుపట్టడం కష్టం కాదు. హెరాక్లీస్ భూమినీ సముద్రాన్నీ దుష్టజంతువుల బారి నుంచి కాపాడుతూ తిరుగుతుండగా ఒకచోట సముద్రంలో ముత్యం కంటపడింది. ఆడపిల్ల ఒంటి మీద ఇంతకన్నా అందమైన నగ ఉండదనుకుని, ఎక్కడెక్కడి ముత్యాలనూ ఏరి తెప్పించి కూతురికి అలంకరించాడు.

పాండ్యుల కొర్కై రేవు, మన్నారు సింధుశాఖలో ముత్యాల వేట లోకప్రసిద్ధాలు కాబట్టి ఈ కథ గాలిలోంచి పుట్టింది కాదు. వేట గురించి మెగస్తనీస్ చెప్పింది ఇంకా ముచ్చటగా ఉంటుంది. ముత్యపు చిప్పలు సముద్రంలో తేనెటీగల్లా గుంపుగా ఉంటాయట. ఆ గుంపుకో రాజు ఉంటుందట. రాజు వలలో పడితే మిగతావి సులువుగా చిక్కుతాయి, అది తప్పించుకుంటే ఇక ఒక్కటీ దొరకదు. ఇండియాలో ముత్యం మేలిమి బంగారానికి తూకానికి మూడు రెట్ల ఖరీదు చేస్తుందని కూడా అతనే రాశాడు. చిప్పల రాజు సంగతి ఎవరో పల్లెకారులు చెప్పిన కబురు కావచ్చు, మూడు రెట్ల లెక్క మాత్రం వ్యాపారి నోటి మాటలా ఉంది.

వస్తువు పేరు మనిషి పేరుగా ఎప్పుడు మారిందో చెప్పే ఆధారాలు పలచన. మత్తయి సువార్తలో అమూల్యమైన ముత్యం కోసం ఆస్తంతా అమ్ముకున్న వర్తకుడి ఉపమానం ఉంది. గ్రీకు మూలంలో ఆ ముత్యం 'మార్గరీటెస్'. తొలి క్రైస్తవులకు ముత్యమంటే పరలోక రాజ్యానికి గుర్తు అయింది. అక్కడి నుంచి ఆడపిల్ల పేరు కావడానికి ఒక్క అడుగే దూరం. ఆ అడుగు వేయించింది అంతియొకయ మార్గరెట్.

డయోక్లీషియన్ చక్రవర్తి కాలంలో, అంటే నాలుగో శతాబ్దం మొదట్లో, ప్రాణాలిచ్చిన పుణ్యస్త్రీగా ఈమెను చెప్పుకుంటారు. తండ్రి అన్యదేవతల పూజారి. క్రైస్తవురాలై, దాది దగ్గర పెరుగుతూ గొర్రెలు కాసుకునే ఈ పిల్లను ఒలిబ్రియస్ అనే అధికారి చూసి మోహించాడు. ఒప్పుకోకపోతే చెరసాలలో వేశాడు. చెరసాలలో రాకాసి పాము లాంటి డ్రాగన్ వచ్చి ఆమెను మింగేసింది. చేతిలోని సిలువ మహిమతో దాని కడుపు చీలింది, ఆమె చెక్కుచెదరకుండా బయటికి వచ్చింది. మధ్యయుగపు శిల్పులకూ చిత్రకారులకూ ఈ ఘట్టమంటే ఎంత ఇష్టమో! డ్రాగన్ వీపు చీల్చుకుని మార్గరెట్ చేతులు జోడించి పైకి లేస్తుంటుంది. ఆమె గౌను అంచు మాత్రం ఇంకా దాని నోట్లోంచే వేలాడుతుంటుంది. మింగడమూ బయటపడడమూ ఒక్క బొమ్మలోనే చూపించిన నేర్పు ఆ అంచులో ఉంది. పదమూడో శతాబ్దంలో పుణ్యాత్ముల చరిత్రలన్నీ కూర్చి ప్రసిద్ధ గ్రంథం రాసిన జాకబస్ డి వొరాజిన్ ఈ మింగుడు కథ నమ్మదగింది కాదని అక్కడికక్కడే రాశాడు. జనం ఆ మాట చెవిన పెట్టలేదు.

పెట్టకపోవడానికి బలమైన కారణమే ఉంది. కడుపు చీల్చుకుని క్షేమంగా బయటపడిన మనిషి కాబట్టి మార్గరెట్ కాన్పుల తల్లి అయింది. తల నరికే ముందు, పురిటినొప్పుల్లో తనను తలుచుకున్న ఆడదానికి సుఖప్రసవం కావాలని ప్రార్థించిందని కథ. ఫ్రాన్సులో, ఇంగ్లండులో పురిటి గదిలో ఆమె చరిత్రను పైకి చదివేవాళ్లు. ఆ కథ రాసిన తోలుకాగితాన్ని నొప్పులు పడుతున్న ఆమె పొట్ట మీద పరిచేవాళ్లు. పారిస్‌లోని సెయింట్ జెర్మెయిన్ మఠంలో ఆమె నడికట్టుగా చెప్పే పట్టీ ఉండేది, దాన్ని గర్భిణుల నడుముకు చుట్టేవాళ్లు. తల్లీ బిడ్డా క్షేమంగా వేరవుతారో లేదో తెలియని రోజుల్లో ఆ పేరు ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఊహించుకోండి. అలా గండం గడిచి పుట్టిన ఆడపిల్లకు ఇంకే పేరు పెడతారు? మధ్యయుగపు ఐరోపాలో మార్గరెట్లు అంతమంది కావడానికి ముత్యం మీది మోజు కన్నా పురిటి గది మీది భయమే పెద్ద కారణమని నేను నమ్ముతాను.

ఈ పుణ్యస్త్రీని గ్రీకు సంప్రదాయపు చర్చి మాత్రం మార్గరెట్ అనదు. వాళ్లకు ఆమె మరీనా. అది లాటిన్ మాట, సముద్రానికి చెందినదని అర్థం. లాటిన్ చర్చి ఆమెను గ్రీకు పేరుతో, గ్రీకు చర్చి లాటిన్ పేరుతో పిలుచుకోవడం నాకు ఎంతో నచ్చిన సంగతి. అంతియొకయ మార్గరెట్ పండుగను 1969లో రోమ్ తన సాధారణ పంచాంగం నుంచి తొలగించింది. చారిత్రక ఆధారం లేదన్నది నిజమే. కానీ అన్ని వందల ఏళ్లు అంతమంది తల్లులు నోరారా పిలిచిన పిలుపు కూడా చరిత్రేనని గుర్తుంచుకోవలసింది.

జోన్ ఆఫ్ ఆర్క్‌కు వినిపించిన దివ్యస్వరాల్లో ఒకటి ఈ మార్గరెట్‌దే. 1431లో రువాన్‌లో విచారణ జరుగుతున్నప్పుడు, ఇంగ్లీషువాళ్ల పక్షాన ఉన్న న్యాయాధికారులు, మార్గరెట్ ఇంగ్లీషులో మాట్లాడుతుందా అని ఆమెను అడిగారు. మార్గరెట్ ఇంగ్లీషువాళ్ల పక్షం కానప్పుడు ఆ భాష ఎందుకు మాట్లాడుతుందని ఆ పల్లెటూరి పిల్ల ఎదురు ప్రశ్న వేసింది.

కాన్పుల తల్లి కన్నా నేల మీద నిలిచిన మనిషి స్కాట్లండ్ రాణి మార్గరెట్. ఇంగ్లండు రాచకుటుంబం పరదేశంలో తలదాచుకున్న రోజుల్లో, 1045 ప్రాంతంలో హంగరీలో పుట్టింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక స్కాట్లండ్ చేరి, 1070 ప్రాంతంలో రాజు మూడో మాల్కమ్‌ను పెళ్లాడింది. అనాథ పిల్లలకు తన చేత్తో తినిపించేదని, బీదల కాళ్లు కడిగేదని ఆమె చరిత్ర రాసిన టర్గో చెబుతాడు. ఆమె ప్రాణంగా చూసుకున్న సువార్తల పుస్తకం ఒకసారి ఏటి నీళ్లలో పడిపోయి, చెడిపోకుండా దొరికిందట. ఆ పుస్తకాన్ని 1887లో ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయం వేలంలో ఆరు పౌన్లకు కొంది. అప్పటికి అది ఎవరిదో కొన్నవాళ్లకు తెలియదు. ఏటిలో పడిన సంగతి చెప్పే పద్యమొకటి అందులోనే రాసి ఉండడంతో తర్వాత గుర్తుపట్టారు.

1093 నవంబరు 13న ఆమె భర్తా పెద్దకొడుకూ ఆల్నిక్ దగ్గర యుద్ధంలో పోయారు. వాళ్లు పోయిన మూడు రోజులకే, ఆ కబురు విని ఆమె కన్నుమూసింది. కొడుకు డేవిడ్ రాజయ్యాక ఎడిన్‌బరో కోటలో తల్లి పేర చిన్న ప్రార్థనాలయం కట్టించాడు. ఎడిన్‌బరోలో నిలిచి ఉన్న కట్టడాలన్నిటిలో పాతది అదే. 1942లో అక్కడ ఒక సంఘం ఏర్పడింది. స్కాట్లండ్‌లో మార్గరెట్ అని పేరున్న ఆడవాళ్లు వంతులవారీగా ఆ గుడిలో పూలు అమరుస్తారు. చదువూ డబ్బూ వంశమూ ఏవీ అడగరు, పేరుంటే చాలు. పేరుకు ఇంత గౌరవమిచ్చిన ఏర్పాటు మరొకటి నాకు కనబడలేదు.

తర్వాతి శతాబ్దాల్లో రాణులే రాణులు. డెన్మార్క్, నార్వే, స్వీడన్ మూడింటినీ 1397లో ఒక్క కిరీటం కిందికి తెచ్చిన మార్గరెటే వాళ్లలో మేటి. ఇంటింటా ఈ పేరే అయ్యేసరికి ముద్దుపేర్లు పుట్టుకొచ్చాయి. జర్మనీలో గ్రెటా, గ్రెచెన్. గోథే 'ఫౌస్ట్'లోని గ్రెచెన్ అసలు పేరు మార్గరీటే. స్పెయిన్, ఇటలీ వైపు మార్గరీటా తల తెగి రీటా అయింది. హాలీవుడ్ తార రీటా హేవర్త్ పుట్టినప్పటి పేరు మార్గరీటా కాన్సినో. ఇంగ్లీషువాళ్లు మెగ్, మ్యాగీ, మ్యాడ్జ్ అన్నారు, మెగ్‌కు ప్రాసగా పెగ్ తెచ్చి పెగ్గీ చేశారు. 'గాన్ విత్ ద విండ్' రాసిన మార్గరెట్ మిచెల్‌ను పెగ్గీ అని పిలిచేవాళ్లు. ఫ్రెంచివాళ్లు డైసీ పువ్వును మార్గరీట్ అంటారు కాబట్టి ఇంగ్లీషులో మార్గరెట్‌కు డైసీ కూడా ముద్దుపేరైంది. 2024 జనవరిలో సింహాసనం వదులుకున్న డెన్మార్క్ రాణి రెండో మార్గరెట్‌ను ఇంట్లో డైసీ అంటారు.

బేకరీలో వెన్నకు బదులు వాడే మార్గరిన్ కూడా ఈ కుటుంబంలోదే. 1813లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రెల్ ఒక కొవ్వు ఆమ్లం ముత్యంలా మెరుస్తోందని దానికి గ్రీకు ముత్యం పేరు పెట్టాడు. 1869లో మెజ్ మురియెస్ చవకైన కృత్రిమ వెన్న చేసినప్పుడు ఆ పేరు దానికి అంటుకుంది. మార్గరీటా పిజ్జాకు 1889లో నేపుల్స్ వచ్చిన ఇటలీ రాణి పేరు పెట్టారన్న కథను చరిత్రకారులు పూర్తిగా నమ్మరు.

ఇంగ్లండు, వేల్స్‌లలో 1924, 1934, 1944 జాబితాలు మూడింటిలోనూ ఆడపిల్లల పేర్లలో మార్గరెట్‌దే మొదటి స్థానం. ప్రధాని థాచర్ పుట్టింది 1925లో, ఎలిజబెత్ రాణి చెల్లెలు పుట్టింది 1930లో. ఆ అలలో వాళ్లూ ఉన్నారు. 1910 ప్రాంతంలో అమెరికాలో మేరీ, హెలెన్‌ల తర్వాత ఇదే పేరు. ఆ శతాబ్దం ముగిసేసరికి ఇంగ్లండులో తొలి వందలోంచే జారిపోయింది. ఇప్పుడు మార్గో, మేసీ, గ్రెటా అంటూ ముక్కలు తిరిగొస్తున్నాయి. నటి మేసీ విలియమ్స్ అసలు పేరు మార్గరెట్టే. ఒకప్పుడు బిడ్డకు నిండు పేరు పెట్టి ముద్దుపేరు ఇంటికి ఉంచుకునేవాళ్లు. మెగ్ అని పిలిచే హక్కు అమ్మకో నేస్తానికో ఉండేది. ఇప్పుడు ముద్దుపేరే రిజిస్టరులోకి ఎక్కుతోంది. ఊరందరూ పిలిచే పేరూ, ఇంట్లో పిలిచే పేరూ ఒకటే అయిపోవడం నాకు లోటుగానే అనిపిస్తుంది.

మన దేశానికి ఈ పేరు మోసుకొచ్చినవాళ్లలో ఇద్దరు ఐర్లండ్ ఆడపడుచులను తలవాలి. 1898లో కలకత్తా వచ్చిన మార్గరెట్ నోబుల్‌కు వివేకానందుడు నివేదిత అని పేరు పెట్టాడు, పాత పేరు మరుగున పడింది. మార్గరెట్ కజిన్స్ పేరు మార్చుకోలేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లె థియోసాఫికల్ కాలేజీలో విడిది చేసి 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించినప్పుడు, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్యగా ఆమె అక్కడే ఉంది. సంగీతం చదువుకున్న మనిషి కావడంతో ఆ పాటకు స్వరాలు రాసే పనిలో చెయ్యి కలిపింది.

తెలుగు కథోలిక కుటుంబాల్లో మార్గరెట్లు ఉంటూనే వచ్చారు. ఆ ఇళ్లలో గోడ మీద కనిపించే యేసు తిరుహృదయ పటం వెనక కూడా ఒక మార్గరెట్ ఉంది. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి సన్యాసిని మార్గరెట్ మేరీ అలకోక్ దర్శనాల వల్లనే ఆ భక్తి అంతగా వ్యాపించింది. వీధి దాటితే ముత్యాలమ్మ గుడి. ఆ తల్లి పేరే పెట్టుకున్న ఇల్లాళ్లు మన ఊళ్లలో ఎందరో. చర్చికి వెళ్లే మార్గరెట్, బోనం ఎత్తే ముత్యాలమ్మ ఒకే పేరుతో బతుకుతున్నారన్న సంగతి ఇద్దరికీ ఎవరూ చెప్పి ఉండరు.

ముత్యాలమ్మ కూడా అమ్మమ్మల తరంతోనే వెనకబడిపోతోంది. ఈ మధ్య కొందరు మౌక్తిక అని పెడుతున్నారు. వినడానికి బాగానే ఉంది. నన్నడిగితే మాత్రం ముత్యాలు అనే పెట్టమంటాను. పిలిస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది.