సాగర్ మీద ఎగిరే చిన్న విమానాలు: ఎవరు నడపొచ్చు? సొంతంగా తయారు చేసుకోవచ్చా? పొలంలో కూలితే ఏం చేయాలి?

2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో సెస్నా 152 రకం శిక్షణ విమానం కూలిపోయింది. అందులో ఒంటరిగా ఉన్న ట్రైనీ పైలట్ చనిపోయారు. ఆ విమానం బయల్దేరింది కృష్ణకు అవతలి ఒడ్డున, విజయపురి సౌత్‌లోని నాగార్జునసాగర్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి. అంటే ఎగిరింది ఆంధ్రప్రదేశ్‌లో, పడింది తెలంగాణలో.

ఇలాంటి విమానాలకు అనుమతి ఇచ్చేది ఏ రాష్ట్రం? రెండూ కాదు. విమానయానం పూర్తిగా కేంద్రం చేతిలోని అంశం. లైసెన్సులు, తనిఖీలు డీజీసీఏ చూస్తుంది. 1934 నాటి విమాన చట్టం స్థానంలో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియం 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కలెక్టరేట్‌కో, పోలీస్ స్టేషన్‌కో వెళ్లి విమానం నడిపేందుకు అనుమతి అడిగితే లాభం లేదు.

ఎవరు నడపొచ్చు?

పదో తరగతి పాసై, 16 ఏళ్లు నిండి, వైద్య పరీక్షలో నెగ్గితే స్టూడెంట్ పైలట్ లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. సరదాగా నడుపుకోవాలంటే ప్రైవేట్ పైలట్ లైసెన్సు చాలు. దానికి 17 ఏళ్లు నిండాలి, కనీసం 40 గంటలు ఎగిరి ఉండాలి. ఈ లైసెన్సుతో జీతం తీసుకుని నడపకూడదు. ఉద్యోగం కోసమైతే కమర్షియల్ లైసెన్సు కావాలి. దానికి 18 ఏళ్లు, 200 గంటలు ఉండాలి, క్లాస్ 1 మెడికల్ తప్పనిసరి. దరఖాస్తులన్నీ డీజీసీఏ వారి ఈజీసీఏ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే.

ఫీజు కట్టబోయే తల్లిదండ్రులకు ఒక మాట. బ్రోషర్ చూసి డబ్బు కట్టొద్దు. ఆ సంస్థ పేరు డీజీసీఏ ఆమోదించిన శిక్షణ సంస్థల జాబితాలో ఉందో లేదో ముందు చూడండి. 2025 అక్టోబరు నుంచి డీజీసీఏ ఈ సంస్థలకు ర్యాంకులు కూడా ఇస్తోంది. ఎన్ని విమానాలున్నాయని అడిగి ఊరుకోకండి, అందులో ఇవాళ ఎగిరే స్థితిలో ఉన్నవెన్నో అడగండి. విమానం షెడ్డులో ఉంటే గంటలు పూర్తికావు, ఏడాదిన్నర కోర్సు మూడేళ్లవుతుంది.

పాత విమానాలు ప్రమాదమా?

సెస్నా 152ల తయారీ 1985లోనే ఆగిపోయింది. ఇప్పుడు ఎగిరేవన్నీ కనీసం నలభై ఏళ్ల నాటివే. వింటే భయం వేస్తుంది కానీ, వయసు ఒక్కటే చూసి తేల్చలేం. రెండు సీట్లు, 110 హార్స్‌పవర్ ఇంజిను, మనుషులతో ఇంధనంతో కలిపి గరిష్ఠంగా 757 కిలోలు. చాలా సాదా యంత్రం. ఎగిరిన గంటల లెక్కన ఎప్పటికప్పుడు విప్పి చూడాలి, అరిగిన భాగాలు మార్చాలి, ప్రతిదీ లాగ్‌బుక్‌లో రాయాలి. ఎగరడానికి పనికొస్తుందని తెలిపే పత్రాన్ని ఏటా సమీక్షించాలి.

చిన్న విమానాలకు అసలు గండం తక్కువ ఎత్తులో ఉంటుంది. వేగం తగ్గి, ముక్కు పైకి లేస్తే రెక్కలు విమానాన్ని మోయలేవు. దీన్ని స్టాల్ అంటారు. మూడువేల అడుగుల మీదైతే ముక్కు దించి తేరుకోవచ్చు. మూడొందల అడుగుల్లో ఆ వ్యవధి ఉండదు. సాగర్ చుట్టుపక్కల హైటెన్షన్ తీగలు, గుట్టలు కూడా ఎక్కువే. అందుకే టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో తప్ప 500 అడుగుల కంటే కిందకు రాకూడదని, జనావాసాల మీద ఇంకా ఎత్తులో ఉండాలని నిబంధన. పదేపదే ఇళ్ల మీదుగా తక్కువ ఎత్తులో తిరుగుతుంటే రెక్కల మీదో, తోక దగ్గరో వీటీ అక్షరాల తర్వాత ఉన్న మూడు అక్షరాలు రాసుకోండి. బండికి నంబర్ ప్లేటు ఎలాగో, విమానానికి అది అలాగ. తేదీ, సమయంతో డీజీసీఏకు ఫిర్యాదు చేయొచ్చు.

ఇంట్లో తయారు చేసుకుంటే?

యూట్యూబ్ చూసి బైక్ ఇంజినుతో విమానం చేద్దామనుకునే కుర్రాళ్లు తెలుసుకోవాల్సింది ఇక్కడే ఉంది. ఆ వీడియోల్లో చాలావరకు అమెరికావి. అక్కడ ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు, అంటే దాదాపు 115 కిలోల్లోపు ఉన్న ఒంటి సీటు అల్ట్రాలైట్‌కు లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. ఊళ్ల మీద మాత్రం ఎగరకూడదు. అంతకంటే పెద్దదైతే, సగానికి పైగా పని సొంతంగా చేసినవారికి ప్రయోగాత్మక కేటగిరీలో ధ్రువపత్రం ఇస్తారు. ఏటా జులైలో విస్కాన్సిన్‌లోని ఓష్‌కోష్‌లో ఇలాంటి విమానాలతో తిరునాళ్లే జరుగుతుంది.

మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. మైక్రోలైట్‌కైనా రిజిస్ట్రేషన్ కావాలి, నడిపేవారికి లైసెన్సు కావాలి. ఎంత కష్టమో తెలియాలంటే ముంబయి పైలట్ అమోల్ యాదవ్ కథ చూడాలి. ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారాయన. 2016లో మేకిన్ ఇండియా వేడుకలో దాన్ని ప్రదర్శించారు. 2017 నవంబరులో రిజిస్ట్రేషన్ వచ్చింది. ఎగరేందుకు పర్మిట్ చేతికందింది 2019 అక్టోబరులో. ఆయన పెద్ద విమానాలు నడిపే వృత్తి పైలట్. మీడియా, ముఖ్యమంత్రి మద్దతు ఉండీ అంత కాలం పట్టింది. నిబంధనలు ఇంత బిగుతుగా ఉండాలా అన్నది న్యాయమైన ప్రశ్నే. సొంతంగా కట్టుకునేవారికి స్పష్టమైన దారి ఒకటి ఉంటే చాటుగా ఎగరేసేవారు తగ్గుతారు. అది వచ్చేదాకా మాత్రం చట్టం చట్టమే. మనుషులకో ఆస్తులకో ప్రమాదం కలిగేలా తెలిసి విమానం నడిపితే రెండేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

తయారీ మీదే మక్కువైతే మోడల్ విమానాలతో మొదలుపెట్టొచ్చు. వాటికి 2021 డ్రోన్ నియమాలు వర్తిస్తాయి. డ్యామ్ పరిసరాల్లో ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి.

పొలంలో కూలితే?

ముందు 112కు ఫోన్ చేయండి. బతికున్నవారిని బయటకు తీయడం అన్నిటికంటే ముఖ్యం, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయితే రెక్కల్లో పెట్రోలు ఉంటుంది. బీడీ, సిగరెట్ దగ్గరకు రానీయొద్దు. కరెంటు తీగలు తెగి ఉంటే సబ్‌స్టేషన్‌కు చెప్పి సరఫరా ఆపించాకే అడుగు వేయాలి.

తర్వాత శకలాలను కదపకూడదు. గుర్తుగా ఒక ముక్క ఇంటికి తీసుకెళ్లడం సరదా కాదు, సాక్ష్యం పోవడం. ఒక చిన్న కేబుల్ ఎక్కడ తెగిందన్నదాన్ని బట్టే కారణం తేలొచ్చు. పోలీసులు స్థలానికి కాపలా ఉంటారు, కేసు రాస్తారు. కారణం తేల్చేది మాత్రం 2012లో ఏర్పడిన విమాన ప్రమాద దర్యాప్తు బ్యూరో, ఏఏఐబీ. నియమాల ప్రకారం ఈ దర్యాప్తు ఉద్దేశం మళ్లీ అలాంటిది జరక్కుండా చూడటమే, తప్పు ఎవరిదని తేల్చడం కాదు. కాబట్టి చూసింది చూసినట్టు చెప్పడానికి జంకక్కర్లేదు. ఇంజిను చప్పుడు ఆగిందా, విమానం తిరుగుతూ పడిందా, తీగలకు తగిలిందా అన్నవే వారికి కావాలి. ఫోన్‌లో వీడియో తీసి ఉంటే ఒరిజినల్ ఫైల్ చెరపకుండా ఉంచండి. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన కాపీలో తీసిన సమయం లాంటి వివరాలు ఉండవు. తుది నివేదికలను ఏఏఐబీ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.